ముందు రక్తం, తర్వాతే అన్నం

మా మేనత్త పోయిన కబురు నాకు కంభం బస్టాండులో తెలిసింది. నేను బస్సు కండక్టర్ని. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే మా బస్సు అక్కడ కాసేపు ఆగుతుంది. టీ గ్లాసు చేతిలోకి తీసుకోగానే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది. పొద్దున టీ తాగింది, ప్రార్థన చేసుకునింది, పండుకునింది. మళ్ళా లేయలేదు" అన్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. నెల రోజులుగా ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి మంచంలోనే ఉంది. అనుకోని కబురేమీ కాదు. అయినా ఆ టీ తాగలేకపోయాను. బస్సెక్కాక డ్రైవరన్న నా మొహం చూసి ఎవరికేమైందని అడిగాడు. "గిద్దలూరు అత్త" అన్నాను. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు బండి తీయలేదు. ఆ రూట్లో తిరిగే డ్రైవర్లందరికీ ఆమె తెలుసు. సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు రక్తం తీసింది. తీస్తూ తీస్తూ వాళ్ళ పొట్టల మీద తన అభిప్రాయం కూడా చెప్పింది.

పోవడానికి వారం ముందు ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, "అవ్వా, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి గానీ నీ గుండె మాత్రం గట్టిది" అన్నాడు. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి మరీ జవాబు చెప్పింది మా అత్త. "గట్టిది కాదు సార్. ఇరవై రెండేళ్ళు బిళ్ళ వేసి కాపాడుకున్నది" అంది. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా చర్చి సంఘంలో పిల్లలు అడిగారు. నాలుగు మాటల్లో అయ్యే మనిషి కాదు. చదివేవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి.

మా ఊరు మార్కాపురం దగ్గర, పలకల గనుల పక్కన. అత్త మా నాయనకు తొమ్మిదేళ్ళు పెద్దది. అవ్వ కూలికి పోతే నాయనను చంకనేసుకుని తిప్పింది ఆమే. గిద్దలూరు కోడలిగా వెళ్ళింది. మామ తొందరగా పోతే, బతకడానికి ఒక రక్త పరీక్షల ల్యాబులో చేరింది. మొదట ఊడ్చే పని, గాజు గొట్టాలు కడిగే పని. చదివింది ఏడో తరగతి. ల్యాబు సారు ఆమె చెయ్యి తీరు చూసి సూది పట్టుకోవడం నేర్పించాడు. ఆ తర్వాత ఆయనే మరిచిపోయి ఉంటాడు, ఆమె ఊడ్చే మనిషిగా వచ్చిందని. పసిపిల్లలకైనా, ఒళ్ళంతా ముడతలు పడిన ముసలివాళ్ళకైనా ఒక్క పోటుతో నరం పట్టేది. కళ్ళు మూసుకుని వేలితో తడిమేది. నా బస్సులో వచ్చేటప్పుడు కూడా ఆ అలవాటు పోయేది కాదు. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి ముంజేయి చూసి, "నీ నరం భలే ఉందమ్మా" అనేది. అవతలి మనిషి బిత్తరపోయి సంచి గట్టిగా పట్టుకునేది. నేను వెళ్ళి మా అత్తేలే అని సర్దిచెప్పాల్సి వచ్చేది.

ఆమె నోట "నార్మల్" అన్న మాట ఎవరూ వినలేదు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు "ఈ రోజుకు బాగుంది" అనేది. పొద్దున్నే పరగడుపున వచ్చిన మనిషి నిట్టూర్చి, "రేపటికేందమ్మా?" అంటే, "రేపటి సంగతి నీ నోరు, నీ కాళ్ళు చెప్పాల" అనేది. ఈ జాగ్రత్త ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. దాని వెనక మా నాయన ఉన్నాడు.

మా ఇంటి గురించి చెప్పాలి. మా ఇంట్లో మగవాళ్ళు నలభై అయిదు దాటరని చుట్టుపక్కల పేరు. మా తాత, ఆయన అన్న, ఇంకా పైవాళ్ళు, అందరూ అంతే. నిన్న పనికి పోయినవాడు ఇవాళ లేడు. పిల్లనివ్వడానికి కూడా జనం వెనకాడేవాళ్ళు. కారణం ఏమిటంటే ఊరంతా ఒకే మాట చెప్పేది, గని దుమ్ము. పలకల గనుల్లో దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు చెడిపోయినవాళ్ళు మా ప్రాంతంలో తక్కువేమీ కాదు. కాబట్టి ఆ మాట ఎవరూ పట్టి చూడలేదు. పైగా మావాళ్ళంతా ఎండు కట్టెల్లా ఉంటారు. నాయన చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మడమ వెనక నరం మీద మాత్రం చింతగింజంత బుడిపె ఉండేది. తాతకూ ఉండేదట. అత్తకూ ఉంది. నడిచి నడిచి కాయలు కాశాయని అనుకునేవాళ్ళం. "ఇది మా ఇంటి ముద్ర. ఒళ్ళు వంచి బతికినోళ్ళకే వస్తుంది" అని నాయన గొప్పగా చూపించుకునేవాడు.

నాయనకు నలభై నాలుగు వచ్చిన ఏడు, గుట్ట ఎక్కితే రొమ్ము పట్టేస్తోందని అత్తతో అన్నాడు. అత్త గిద్దలూరుకు పిలిపించుకుని రక్తం తీసింది. చక్కెర పరీక్ష ఒకటి చేయించింది, బాగానే ఉంది. కొవ్వు పరీక్ష కూడా చేయిద్దామా అని సారు అడిగితే నాయన పెద్దగా నవ్వాడట. "నా ఒంట్లో కొవ్వు యాడుంది సార్, నన్ను పిండినా చుక్క రాలదు" అన్నాడు. అత్తకూ నవ్వొచ్చింది. అయినా తన తృప్తి కోసం ఒక పని చేసింది. రక్తం గొట్టాన్ని గిరగిరా తిప్పే మిషనులో పెడితే ఎర్రది అడుగుకు దిగి, పైన లేత పసుపు నీరు తేలుతుంది. దాన్ని సీరం అంటారు. కొందరిది పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. వాళ్ళకు ఒంట్లో కొవ్వు ఎక్కువని ఆమె ఏళ్ళ తరబడి చూసి తెలుసుకుంది. నాయన సీరం వెలుతురుకు పెట్టి చూసింది. తేటగా ఉంది. "నీకేం లేదు, పోరా" అని వీపు మీద చరిచి బస్సెక్కించింది.

ఏడాది తిరగకుండానే, నలభై అయిదేళ్ళ వయసులో, నాయన గని గట్టు మీద పలక దించుతూ కూలిపోయాడు. నాకప్పుడు ఇరవై ఆరు, ఉద్యోగం కొత్త. తమ్ముడికి ఇరవై నాలుగు. వాడూ అదే గనిలో పని. ఊరు మళ్ళీ అదే మాట అంది, దుమ్ము అని. పరామర్శకు వచ్చిన ముసలామె ఒకరు అమ్మ పక్కన కూర్చుని, వాకిట్లో నిలబడ్డ తమ్ముడి వైపు ఎంతసేపు చూసిందో నాకింకా గుర్తుంది. ఆ చూపు అమ్మ కూడా చూసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాడి వయసు ఎవరూ పైకి అనలేదు.

అత్త కూడా దుమ్మనే నమ్మింది. ఓ ఏడెనిమిది నెలలు గడిచాయి. ఒక కొత్త డాక్టరు ల్యాబుకు వచ్చినప్పుడు, గొంతుకూర్చుని గొట్టాలు కడుగుతున్న అత్త మడమలు ఆయన కంట్లో పడ్డాయి. ఈ బుడిపెలేమిటని అడిగాడు. మా ఇంట్లో అందరికీ ఉంటాయని, నడక వల్ల వచ్చాయని చెప్పింది. ఆయన కూర్చుని మడమ పట్టుకుని నొక్కి చూశాడట. చదువుకున్న మనిషి తన కాళ్ళు ముట్టుకున్నాడని అత్త సిగ్గుతో చచ్చిపోయింది. ఇంట్లో మగవాళ్ళు చిన్న వయసులో పోయారా అని ఆయన అడిగేసరికి మాత్రం చేతిలో గొట్టం కింద పెట్టేసింది. ఆ రోజే ఆమె రక్తం పరీక్ష చేశారు. కొలెస్ట్రాల్ ఉండాల్సిన దానికి దాదాపు రెండింతలు ఉంది. ఇది తిండితో వచ్చింది కాదు, పుట్టుకతో రక్తంలో వచ్చిందని, బక్కవాళ్ళకైనా ఉంటుందని, మడమల్లో పేరుకున్నట్టే గుండె నాళాల్లోనూ పేరుకుంటుందని, ఆడవాళ్ళలో అది కొంత ఆలస్యంగా బయటపడుతుందని ఆయన చెప్పాడు.

అత్త ఒక్కటే ప్రశ్న అడిగింది. "నా తమ్ముని సీరం తేటగా ఉండింది కదా సార్?"

పాలలా తెల్లగా కనిపించే కొవ్వు వేరని, దాన్ని ట్రైగ్లిజరైడ్స్ అంటారని, కొలెస్ట్రాల్ ఎంత పెరిగినా సీరం తేటగానే ఉండొచ్చని, మిషను చెప్పాలే తప్ప కంటికి తెలియదని ఆయన విడమరిచి చెప్పాడు. ఇదంతా చాలా ఏళ్ళ తర్వాత అత్తే నాకు చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం వండుకోలేదట. ఇంకో మాట కూడా అంది. "మా నాయన, అదే మీ తాత, జీవితంలో గని మొహం చూడలే పాపా. గొర్లు కాసినోడు. మరి ఆయన్ను ఏ దుమ్ము చంపింది? ఇంత చిన్న ప్రశ్న మనలో ఒక్కరికీ రాలేదు చూడు."

నాయన పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. మా సంఘాల్లో అది మామూలే. బంధువులంతా వస్తారు, ప్రార్థన, పాటలు, వాక్యం, పోయిన మనిషి గురించి ఒక్కొక్కరు లేచి సాక్ష్యం చెప్పడం, ఆ తర్వాత భోజనాలు. మా రక్తం పంచుకున్నవాళ్ళంతా ఒక్కచోట దొరికే రోజు అదొక్కటే. పెళ్ళికైనా ఎవరో ఒకరు అలుగుతారు గానీ, దీనికి రాకుండా ఉండరు. అత్త సరిగ్గా ఆ రోజు మీద కన్నేసింది.

రెండు రోజుల ముందు నా బస్సెక్కి, దారిలో ఉన్న మా వాళ్ళందరికీ కబురు చెప్పమంది. "ముందు రోజు రాత్రి అన్నం తిన్నాక మళ్ళా ఏమీ తినకుండా రమ్మను. నీళ్ళు తాగొచ్చు" అంది. ఎందుకని అడిగితే, "నువ్వు టికెట్లు కొట్టు, నేను చెప్పింది చెప్పు" అంది. నేను ప్రతి స్టాపులోనూ కిటికీలోంచి అరిచి చెప్పాను. అందరూ ఉపవాస ప్రార్థన అనుకున్నారు. మా చిన్నాయన భార్య అయితే అంత పెద్ద ప్రార్థనకు తగ్గట్టు తెల్లచీర ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చింది.

ఆ రోజు పందిట్లో వాక్యం అయ్యేసరికి పదిన్నర దాటింది. వెనక డేగిసాల్లో పొట్టేలు కూర ఉడుకుతోంది. పరగడుపున ఉన్న అరవై మంది ముక్కులకు ఆ వాసన. పాస్టరయ్య సాక్ష్యాలు ఎవరైనా చెప్తారా అనగానే అత్త లేచింది. చేతిలో బైబిలు లేదు, ఒక గుడ్డ సంచి ఉంది. ఆమె చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి.

"నా తమ్ముణ్ణి గని దుమ్ము తీసుకుపోయిందని మీరందరూ అంటున్నారు. నేనూ అట్లనే అన్నా. అది అబద్ధం. వాడు పోయే ఏడాది ముందు ఈ చేత్తోనే వాని రక్తం తీసినా. కొవ్వు పరీక్ష చేపించకుండా, వెలుతురుకు పెట్టి కంటితో చూసి, తేటగా ఉంది, నీకేం లేదు పోరా అన్నా. నాకు రాని విద్య వచ్చినట్టు చెప్పినా. వాడు నా మాట నమ్మి గనికి పోయినాడు. తప్పు నాది. దేవుని ముందర, మా మరదలి ముందర ఒప్పుకుంటున్నా."

మా సంఘంలో సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం. తన తప్పును ఇలా పేరు పెట్టి చెప్పిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. ఆమె ఆగకుండా అసలు విషయానికి వచ్చింది.

"మన బోరు నీళ్ళు చూడండి. బిందెలో పోస్తే ఎంత తేటగా ఉంటాయి? ఏడాది తర్వాత అదే బిందె అడుగు చూడండి, తెల్లగా గార కట్టి ఉంటది. నీళ్ళలో కంటికి కనపడలేదు కదా, మరి యాడి నుంచి వచ్చింది? మన ఇంటోళ్ళ రక్తం అట్లాంటిది. కొలెస్ట్రాల్ ఒంటికి కావాల్సిందే, అది లేకుంటే ఒళ్ళే నిలవదు. మన కాలేయమే దాన్ని తయారు చేస్తది. కానీ మనకు పుట్టుకతోనే అది రక్తంలోంచి పోవాల్సినంత పోదు. గుండె నాళాల్లో గార కడతది. మనం బక్కగా ఉన్నామని దానికి జాలి లేదు. తల్లికో తండ్రికో ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసే. ఎవరికుందో, ఎవరికి లేదో మొహం చూసి చెప్పలేను. ఒకసారి చెప్పినా, చాలు."

అని సంచిలోంచి సూదులు, గొట్టాలు తీసి బల్ల మీద పెట్టింది. "ముందు రక్తం, తర్వాతే అన్నం. ఇక్కడ రక్తం ఇచ్చినోళ్ళకే అక్కడ విస్తరి" అంది.

గుసగుసలు మొదలయ్యాయి. కొవ్వెక్కిందనడం మాలో తిట్టు. కూలి చేసుకునేవాళ్ళను పట్టుకుని మీ రక్తంలో కొవ్వుందంటే ఎవరికి రుచిస్తుంది? అత్త సూది పట్టుకుని నిలబడే ఉంది. అప్పుడు మా అమ్మ లేచింది. అమ్మ బయటి ఇంటి పిల్ల, ఆమెకు మా ఇంటి జబ్బు వచ్చే దారే లేదు. ఆ సంగతి అత్తకు అందరికంటే బాగా తెలుసు. అయినా అమ్మ వెళ్ళి ఎదురుగా కూర్చుని, గాజులు పైకి జరిపి చెయ్యి చాపింది. "తియ్యి వదినా" అంది. అత్త తీసింది. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. ఆ తర్వాత తమ్ముడు కూర్చున్నాడు, నేను కూర్చున్నాను, ఒకరి వెనక ఒకరు వరుస కట్టారు. రెండిడ్లీలే తిన్నానని దాచబోయిన ఒక పెద్దమనిషిని మాత్రం, "ఇడ్లీలోళ్ళు రేపు గిద్దలూరు రావాల" అని పంపేసింది. పాస్టరయ్య కూడా కోటు విప్పి చెయ్యిచ్చాడు, పాపం ఆయన మాకేమీ కాడు.

చిన్నాయన ఒక్కడే ఒప్పుకోలేదు. మా నాయన తమ్ముడు, అప్పటికి నలభై మూడు. "నన్ను పందిట్లో నిలబెట్టి రోగిష్టోణ్ణి చేస్తావా అక్కా? నా కొడుకులకు రేపు పిల్లనెవడిస్తాడు?" అని అరిచి, అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు. అత్త వెనక్కి పిలవలేదు. మూడో రోజు పొద్దున మొదటి ట్రిప్పులో, తలకు తువ్వాలు చుట్టుకుని వెనక సీట్లో కూర్చున్న మనిషి దగ్గరికి టికెట్టుకు వెళ్తే చిన్నాయన. "గిద్దలూరు ఒకటి" అన్నాడు, నన్నెప్పుడూ చూడనట్టు. "ఏమన్నా తిన్నావా చిన్నాయనా?" అని అడిగాను. "తినలేదులే, అరవమాక" అన్నాడు.

ఫలితాలు వచ్చాయి. నాకు లేదు. ఆ మాట విన్నప్పుడు కలిగిన సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను, ఎందుకంటే పక్క కాగితం తమ్ముడిది. వాడికి ఉంది. చిన్నాయనకు ఉంది, ఆయన ఇద్దరు కొడుకుల్లో చిన్నవాడికి ఉంది, ఇంకో దాయాది ఇంట్లో ఇద్దరికి ఉంది. అత్త అందరినీ మార్కాపురంలో డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టింది. ఎవరికి తగిన బిళ్ళ వాళ్ళకు రాయించింది. ఇంట్లో నూనె తగ్గించింది. బస్టాండులో నల్లగా మరిగిన నూనెలో వేగే బజ్జీల బండి దగ్గర మా వాళ్ళెవరైనా కనిపిస్తే, ఆ మనిషి చేతిలో పొట్లం ఆమె చేతిలోకి వచ్చేది. తమ్ముడి చేత బీడీ మానిపించడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది. అది మానిన రోజు నాకు ఫోన్ చేసి, "సగం పని అయింది పాపా" అంది.

అంతా సాఫీగా జరిగిందని అనుకోకండి. తమ్ముడికి పెళ్ళయింది, రక్తం రిపోర్టు బాగా వచ్చింది, వాడు బిళ్ళ ఆపేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఆర్నెల్లకు పరీక్ష చేస్తే మొదట్లో ఎంత ఉందో అంతకు వచ్చేసింది. అత్త వాణ్ణి ల్యాబు బయట బల్ల మీద కూర్చోబెట్టింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఎందుకు ఆపినావు?"

"తగ్గింది కదా అత్తా. తగ్గినాక ఇంకెందుకని."

"మోటారు ఏసినావు, కాలవలో నీళ్ళు పారినాయి. నీళ్ళు పారుతున్నాయి కదా అని మోటారు ఆపినావు. ఇప్పుడు నీళ్ళేవని అడుగుతావా? ఆ తగ్గడం నీది కాదురా, బిళ్ళది."

"ఎన్నాళ్ళు మింగాల?"

"బతికినన్నాళ్ళు. అన్నం ఎన్నాళ్ళు తినాలని ఎప్పుడన్నా అడిగినావా నన్ను?"

వాడు తల దించుకున్నాడు. "నాకు భయమేస్తది అత్తా. ఆ బిళ్ళ చూసినప్పుడల్లా నాయన గుర్తొస్తాడు. వేసుకోకుంటే ఆ పూటకన్నా మామూలు మనిషిగా ఉంటా" అన్నాడు. వాడు అన్నాళ్ళలో ఆ మాట నాకు కూడా చెప్పలేదు. అత్త వాడి తల తన ఒళ్ళోకి లాక్కుంది. "నాకూ వాడే గుర్తొస్తాడు రా. అందుకే మింగుతున్నా" అంది. తన బిళ్ళ కూడా అదేనని, తనకూ అదే జబ్బని వాడు ఎప్పుడో మరిచిపోయాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ ఒక ఒప్పందం. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఫోన్. "మింగినావా?" "మింగినా. నువ్వు?" "మింగినా." అంతే, పెట్టేయడమే. ఇరవై ఏళ్ళు ఆ ఫోన్ ఆగలేదు. నా తమ్ముడి భార్య నవ్వుతూ అనేది, పెళ్ళయిన కొత్తలో ఇదేదో రహస్య భాష అనుకున్నానని.

వాడికి నలభై అయిదు వచ్చింది. ఆ ఏడాది మా ఇంట్లో ఎవరం సరిగా ఊపిరి పీల్చలేదు. వాడు గనికి పోయి వచ్చేదాకా అమ్మ గడపలోంచి కదిలేది కాదు. ఒక రోజు గుట్ట ఎక్కుతుంటే రొమ్ము పట్టినట్టుందన్నాడు. నాయన అన్న మాటే. అప్పటికి ల్యాబు మానేసి ఇంటి పట్టున ఉంటున్న అత్త, డెబ్బై అయిదేళ్ళ మనిషి, కర్ర పట్టుకుని వచ్చి మా ఇద్దరినీ ఒంగోలు తీసుకుపోయింది. గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఒక నాళంలో కొంచెం సన్నబడిందని, ఇప్పుడు కోత అక్కర్లేదని, బిళ్ళ మోతాదు పెంచి జాగ్రత్తగా ఉంటే చాలని చెప్పాడు. ఇంత కొలెస్ట్రాల్ ఉన్న ఇంట్లో ఈ వయసుకు నాళాలు ఇంత బాగున్నాయంటే మందు ఎప్పుడు మొదలుపెట్టారని అడిగాడు. "ఇరవై అయిదేళ్ళకే సార్" అని తమ్ముడు చెప్పి, అత్త వైపు చూపించాడు. ఆయన లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టాడు. మా అత్త దానికేమీ పొంగిపోలేదు. "పెంచిన మోతాదు కాగితం మీద పెద్ద అక్షరాల్తో రాయండి సార్" అంది. తిరుగు ప్రయాణంలో బస్సెక్కిన దగ్గర్నుంచి మార్కాపురం వచ్చేదాకా నోరు తెరుచుకుని నిద్రపోయింది. నా ఎరికలో ఆమె బస్సులో నిద్రపోవడం అదే మొదలు.

నాకు గర్వంగా ఉంది. ఈ మాట రాయడానికి మొహమాటం లేదు. మా అత్త పెద్ద చదువులు చదవలేదు. కొత్త మందేదీ కనిపెట్టలేదు. తన కన్ను తప్పు చూసిందని అరవై మంది ముందు చెప్పింది, చెప్పి మళ్ళీ అదే చేత్తో సూది పట్టుకుంది. నేనైతే దాచుకునేదాన్ని. అడిగేవాళ్ళు లేరు, చూసినవాళ్ళు లేరు, ఊరు ఇచ్చిన దుమ్ము అనే కారణం సిద్ధంగా ఉంది. ఆమె దాచుకోలేదు కాబట్టే నా తమ్ముడి బిడ్డలకు పదేళ్ళు నిండకముందే పరీక్షలయ్యాయి. పెద్దదానికి ఉంది. ఆ పిల్ల బడిలో సైన్సు టీచరుకు కొలెస్ట్రాల్ గురించి తానే పాఠం చెప్పి వచ్చింది, మంచిది ఊడ్చుకుపోతుంది, చెడ్డది పేరుకుంటుంది అని. టీచరు మాకు ఫోన్ చేసి ఎవరు నేర్పారని అడిగింది.

తనను తమ్ముడి పక్కనే పెట్టమని అత్త ముందే చెప్పింది కాబట్టి గిద్దలూరు నుంచి మా ఊరికి తెచ్చాం. ఇంటి ముందు ఆఖరి ప్రార్థన అయింది. పెట్టె ఎత్తాల్సిన సమయానికి గని పనివాళ్ళు అలవాటుగా ముందుకొచ్చారు. మా ఇంట్లో ఎప్పుడూ అలాగే జరిగింది. తాత పెట్టె వీధివాళ్ళు మోశారు, నాయన పెట్టె గనివాళ్ళు మోశారు. నలుగురు సొంత మగవాళ్ళు నిండుగా నిలబడే రోజు మా ఇంటికి ఎప్పుడూ లేదు, ఉన్నవాళ్ళలో ఎక్కువమంది చిన్నపిల్లలే. చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనకు అరవై అయిదు, మా ఇంట్లో ఆ వయసు చూసిన మొదటి మగవాడు. "ఆగండన్నా. మేముండాం" అన్నాడు.

ముందు ఆయన, నలభై ఆరేళ్ళ నా తమ్ముడు. వెనక చిన్నాయన ఇద్దరు కొడుకులు, దాయాది ఇంటి అన్నదమ్ములిద్దరు. ఆరుగురూ బక్కవాళ్ళే. పెట్టె లేచింది. సమాధుల దిబ్బకు దారి చివర్లో బాగా ఎత్తు. అక్కడ అందరూ ఆగి భుజం మార్చుకుంటారు. గనివాళ్ళు మళ్ళీ దగ్గరికి వచ్చి భుజం అందివ్వబోయారు. తమ్ముడు వద్దని తల ఊపాడు. చిన్నాయన ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని మళ్ళీ అడుగేశాడు. మా ఇంటి మగవాళ్ళు ఆరుగురూ, ఎక్కడా దించకుండా, ఆమెను పైదాకా తీసుకుపోయారు.